అద్దాల బీరువాలో విత్తనాల కుంచం

ఆరేళ్ళలో పదకొండు అర్జీలు రాశాను. నాలుగు కచేరీకి, ఆరు మ్యూజియం కమిటీ కార్యదర్శి గారికి, ఒకటి సీమకు వెళ్ళిపోయిన దొరగారికి. ఒక్కదానికీ జవాబు లేదు. అబద్ధం ఎందుకు, ఒకదానికి వచ్చింది. "మీ అర్జీ హెడ్డు గుమాస్తా గారి ద్వారా పంపవలెను" అని. ఆ అర్జీ హెడ్డు గుమాస్తా మీదే.

పన్నెండోది ఇదే. ఈ పత్రికవారు "మీ ఉద్యోగంలో మరపురాని సంగతి ఒకటి రాయండి, కొత్తగా కచేరీల్లో చేరే కుర్రవాళ్ళకు పనికొస్తుంది" అన్నారు. మరిచిపోవడం నాకు మొదటినుంచీ చేతకాదు. అది గుణమో జబ్బో మా ఇంటావిడను అడగాలి. పనికొస్తుందో లేదో మీరే చూసుకోండి.

పోయిన నెల మళ్ళీ ఆ మ్యూజియానికి వెళ్ళాను. హుకుంపేట సంత దాటి, అరకు దారిలో, కొండ వాలున ఉంటుంది. ఒకప్పుడు ఆ దొరగారే కాపురమున్న బంగళా. చుట్టూ వరండా, గోడలో చలిమంట పొయ్యి, వెనక ఆయన సరదాకు వేసుకున్న కాఫీ మొక్కలు. ఇప్పుడు హాలు నిండా అద్దాల బీరువాలు. బాణాలు, ఇత్తడి కడియాలు, డప్పులు, వెదురు బుట్టలు. ఒక్కొక్క వస్తువు కింద ఇంగ్లీషులోనూ తెలుగులోనూ చీటీ. ఆ తెలుగు చీటీలన్నీ నా దస్తూరీ, ఒక్కటి తప్ప. ఆ ఒక్కటి మూడో బీరువాలో ఉంది, మా హెడ్డు గుమాస్తా గారి దస్తూరీ. "కొండవారు సంతోషముతో సమర్పించిన పూజా పాత్ర, దానితో మెడలో ధరించు త్రాడు."

అది పూజా పాత్ర కాదు. అది మెడలో వేసుకునే తాడు కాదు. వాళ్ళు సమర్పించలేదు. సంతోషం సంగతి తరవాత చెబుతాను. ఒక్క చీటీలో నాలుగు అబద్ధాలు పట్టించిన మనిషిని నా సర్వీసు మొత్తంలో ఒక్కణ్ణే చూశాను.

గుమ్మం దగ్గర, వచ్చినవాళ్ళు అభిప్రాయం రాసే పుస్తకం ఉంటుంది. కిందటేడు అందులో నేను రాసిన పేజీ లేదు. చింపిన అంచు మాత్రం ఉంది. నేను కలం తీయగానే బంట్రోతు లేచి వచ్చాడు. బంగళా మ్యూజియం అయిన రోజునుంచీ వాడే.

"మళ్ళీ రాత్తారేటి గుమాస్తా బాబూ?" అన్నాడు. "మీరు రాత్తారు, ఆళ్ళు సింపమంటారు. మద్దిన నా పేనం తీత్తన్నారు. ఈపాలి పెన్సిలుతో రాయండి, సెరిపేత్తాను."

నేను సిరాతోనే రాశాను.

ఇక జరిగింది చెబుతాను. నేను ఏజెన్సీ కచేరీలో దుబాసీ గుమాస్తాను. దొరల మాట కొండవాళ్ళకూ, కొండవాళ్ళ మాట దొరలకూ చెప్పడం నా పని. మిషను బడిలో చదువుకున్నవాణ్ణి, క్రైస్తవుణ్ణి. అందుకని మా హెడ్డు గుమాస్తా గారు నా బల్ల వెనక వరండాలో వేయించారు. వాన వస్తే నా కాగితాలు తడిసేవి. కాగితాలు తడిపినందుకు నాకు సంజాయిషీ నోటీసు వచ్చేది.

పంతొమ్మిది వందల ఇరవై మూడు మొదట్లో దొరకు తన బంగళాను మ్యూజియం చేయాలని బుద్ధి పుట్టింది. సెలవుమీద ఇంటికి వెళ్ళిపోయేలోగా తెరవాలి. మేమంతా కచేరీ పని మానేసి బుట్టలు, బాణాలు పోగుచేశాం. ఒకరోజు దొర అడిగాడు: ముంచింగిపుట్టు వైపు ఒక ఊళ్ళో దేవత పేరు మీద విత్తనాలు కొలిచే కుంచం ఉందట, చాలా పాతదట, అది దొరుకుతుందా అని.

"ఆ ఊళ్ళ శిస్తు వసూలుచేసే ముఠాదారుకు కబురు పెడితే రేపు సాయంత్రానికి తెచ్చి మీ కాళ్ళ దగ్గర పడేస్తాడండీ" అన్నారు హెడ్డు గుమాస్తా.

"అక్కర్లేదండీ. నేను అడిగితే వాళ్ళే ఇస్తారు" అన్నాను.

నా మొదటి తప్పు అది. గొప్పకు పోయాను. అంతకు ముందేడు ఆ ఊరివాళ్ళ చేత నాట్ల రోజుల్లో వెట్టి మోత మోయిస్తుంటే నేను రాసిన అర్జీ వల్ల ఆగింది. ఆ చనువు నాకుంది. అది చూపించుకోవాలనిపించింది. దొర నా భుజం తట్టాడు. హెడ్డు గుమాస్తా నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

ఆ ఊరి పేరు రాయను. రాస్తే అక్కడి పూజారిని మళ్ళీ కచేరీకి పిలుస్తారు. ముసలాయన. కుంచం ఆయన ఇంట్లోనే అటక మీద ఉండేది. వేగిస కర్రలో తొలిచింది, నూనె, పసుపు పట్టి నల్లబడింది. చైత్రంలో పండగ చేసి, వేట నుంచి మగవాళ్ళు వచ్చాక, ఊరందరి విత్తనాలూ ఆ కుంచంతో కొలిచి దేవత ముందు పోస్తారు. తరవాత ఇంటింటికీ పంచుతారు. ఆ కుంచంలో పడని సామగింజ గాని చోడిగింజ గాని ఆ ఊళ్ళో నేలలో పడదు. అది వాళ్ళ ఆనవాయితీ.

"దొరకెందుకు బాబూ మా కుంచం? పోడు కొడతాడేటి?" అన్నాడు పూజారి.

"చూడ్డానికి తాతా. వచ్చినవాళ్ళకి చూపిస్తాడు."

"సూత్తే ఏటొస్తాది?"

పూజారి భార్య వాకిట్లో చోళ్ళు చెరుగుతోంది. ఆవిడ నోరు ఆ ఊరికి కచేరీ లాంటిది.

"గింజలు పొయ్యని కుంచాన్ని సూడ్డానికి పట్నాన్నుంచి మనుసులొత్తారా!" అంది. "ఆళ్ళకి పనీపాటా లేదేటి?"

"తెరిచే రోజు ఒక్కటీ అక్కడ ఉంటే చాలు. పండగ నాటికి తెచ్చి ఇచ్చేస్తాను" అన్నాను.

పూజారి అటక మీంచి కుంచం దించాడు. "మాటెవులది? దొరదా, నీదా?"

"నాదే."

"అయితే అట్టుకెల్లు. దొర మాటయితే ఇయ్యను."

ఆ కొండల్లో పెళ్ళికి పిలిచినా, తగవుకు పిలిచినా తాడుకు ముళ్ళు వేసి ఇస్తారు. గడువు ఎన్ని రోజులో అన్ని ముళ్ళు. తాళ్ళు రెండు, ఇచ్చినవాడి దగ్గర ఒకటి, పుచ్చుకున్నవాడి దగ్గర ఒకటి. ఇద్దరూ తెల్లవారగానే ఒక్కొక్క ముడి విప్పుతారు. ఆఖరి ముడి విప్పిన రోజు మాట నెరవేరాలి. కాగితం లేదు, సంతకం లేదు, అయినా ఆ తాడు తప్పినవాణ్ణి నేను చూడలేదు. పండగకు ముందే కుంచం ఇంటికి చేరాలని పూజారి ఇరవై నాలుగు ముళ్ళు వేసి నా చేతికొక తాడు ఇచ్చాడు. మ్యూజియం తెరవడం పదో రోజున. తిరిగి తేవడానికి నాకు బోలెడు వ్యవధి.

కుర్రవాళ్ళు ఇక్కడ జాగ్రత్తగా చదవండి. నా అసలు తప్పు ఇదే.

బంగళాలో దొరకు కుంచం చూపించాను. దాని కన్నా తాడు ఆయనకు ఎక్కువ నచ్చింది. అదేమిటని అడిగితే చెప్పాను. చప్పట్లు కొట్టి, తాడును కూడా కుంచం పక్కన పెట్టించి, బీరువా తాళం వేయించాడు. తాడు నాదండీ, రోజూ విప్పాలండీ అనబోయాను. హెడ్డు గుమాస్తా గుడ్లురిమారు. సరేలే, లెక్క నా మనసులో ఉంటుంది కదా అనుకుని ఊరుకున్నాను. ముప్ఫై ఏళ్ళు కొండల్లో తిరిగినవాణ్ణి, ఇచ్చిన తాడును ఇంకొకరి చేతిలో పెట్టకూడదని తెలియనివాణ్ణి కాను. దొర ముందు భయపడ్డాను, అంతే.

తరవాత రిజిస్టరు. అచ్చు వేసిన పుస్తకం. వస్తువు ఎలా వచ్చిందో రాయడానికి రెండే గడులు: "కొన్నది", "బహూకరించినది". తిరిగి ఇవ్వవలసిన వస్తువుకు గడి లేదు. హెడ్డు గుమాస్తాను అడిగాను.

"ఏమయ్యా, అచ్చులో లేని గడి నువ్వు గీస్తావా?" అన్నారు. "దొర సంతకం పెట్టే పుస్తకం అది. ఉన్న రెండింట్లో ఏదో ఒకదాంట్లో పడెయ్యి."

కొనలేదు కనక రెండో గడిలో రాశాను. పక్కన ఖాళీలో చిన్న అక్షరాలతో ఒక్క వాక్యం రాసినా పోయేది. పుస్తకం పాడవుతుందని రాయలేదు. కలం నాది, చెయ్యి నాది. ఆ తప్పు ఎవరి మీదికీ నెట్టను.

పదో రోజున తెరవవలసిన మ్యూజియం, దాన్ని తెరవడానికి రావలసిన పెద్దదొర, అంటే మా దొర పై అధికారి, క్యాంపు మారిందని వాయిదా పడింది. మళ్ళీ వాయిదా పడింది. చివరికి ఇరవై నాలుగో రోజున తెరిచారు.

ఆ రోజు బంగళా ముందు డేరా, కుర్చీలు, మామిడి తోరణాలు. నాకు కుర్చీ లేదు. వెనక గుమ్మం దగ్గర దండల పళ్ళెం పట్టుకుని నిలబడమన్నారు. పెద్దదొర, ఆయన దొరసాని వచ్చి కూర్చున్నారు. అంతలో కాఫీ మొక్కల వైపునుంచి పూజారి, ఆయన భార్య, ఇంకో పదిమంది దాకా ఆడా మగా వచ్చారు. రెండు రోజులు నడిచి వచ్చారు. గడువు అయిపోయింది, కుంచం పట్టుకుపోవడానికి వచ్చారు. అంతకు మించి ఏమీ లేదు.

దొరసాని వాళ్ళను చూసి సంబరపడిపోయింది. తన కోసం ఆడడానికి పిలిపించారనుకుంది. హెడ్డు గుమాస్తా పరుగున నా దగ్గరికి వచ్చారు. "ధింసా ఆడమను. తొందరగా."

"వాళ్ళు దానికి రాలేదండీ, కుంచం కోసం వచ్చారు."

"ఆడమనవయ్యా!"

చెప్పాను. పూజారి అడిగాడు, "ఆడితే ఇత్తారేటి?"

ఆ మాటే హెడ్డు గుమాస్తాకు చెప్పాను. ఆయన పెద్దదొర వైపు చూస్తూ, "ఆఁ, ఆఁ, ముందు ఆడమను" అన్నారు.

"ఇస్తారట" అన్నాను. దుబాసీ ఒక మాట కలపకూడదు, ఒక మాట తీయకూడదు. నేను కలపలేదు, తీయలేదు. ఆ "ఆఁ ఆఁ"లో నిజం లేదని మాత్రం నాకు తెలుసు.

రెండు రోజులు నడిచి వచ్చిన ముసలివాళ్ళు, నడుముల వెనక చేతులు కలిపి, ఎండలో గంటసేపు ఆడారు. దొరసాని చప్పట్లు కొట్టింది. చీటీలో సంతోషం అని రాసింది దీన్నే కాబోలు.

తరవాత ఉపన్యాసం. పెద్దదొరకు, దొరకు, హెడ్డు గుమాస్తాకు, డేరా వేసిన కంట్రాక్టరుకు, ఆఖరికి కేకులు చేసిన బట్లరుకు కూడా కృతజ్ఞతలు చెప్పారు. నూట నలభై వస్తువులు ఊరూరా తిరిగి తెచ్చి, చీటీలు రాసినవాణ్ణి నేను. నా పేరు రాలేదు. ఇది చిన్న సంగతే అంటారు. చిన్నదే. అయినా చెప్పకుండా ఉండలేను.

ఉపన్యాసం అయ్యాక పూజారిని హాలులోకి తీసుకువెళ్ళాను. ఆయన బీరువా ముందు ఆగిపోయాడు. కుంచం వైపు కాదు, తాడు వైపు చూస్తున్నాడు. అద్దం మీద వేలు పెట్టి ఒక్కొక్క ముడీ లెక్కపెట్టాడు. ఇరవై నాలుగు. మొలలోంచి తన తాడు తీశాడు. ఒక్క ముడీ లేదు, నున్నగా ఉంది.

"ఇదేటి బాబూ? ఒక్కటీ ఇప్పలేదు" అన్నాడు. "ఈ ఇంట్లో రోజులు గడవవేటి?"

నేను బీరువా తెరవమని బంట్రోతును కేకేశాను. హెడ్డు గుమాస్తా రిజిస్టరుతో వచ్చారు. దొర కూడా వచ్చాడు, వెనకాల పెద్దదొర. హెడ్డు గుమాస్తా పేజీ తీసి అందరికీ చూపించారు. "వీళ్ళు బహూకరించేశారండీ. ఇదిగో, ఈ దుబాసీ దస్తూరీయే."

"తప్పు రాశానండీ. తిరిగి ఇస్తానని తెచ్చాను" అన్నాను. తెలుగులో అన్నాను, ఇంగ్లీషులో అన్నాను. దొర ముఖం ఎర్రబడింది. చెడ్డవాడని అనను. పెద్దదొర పక్కనుండగా, తెరిచిన రోజునే, బీరువా ఖాళీ చేయడానికి ధైర్యం చాలలేదు. పుస్తకంలో ఎక్కిన వస్తువును కమిటీ తీర్మానం లేకుండా బయటికి ఇవ్వడం కుదరదు, కమిటీని అడుగుతాను, ఆ సంగతి వీళ్ళకు చెప్పు అన్నాడు.

దాన్ని కూడా నేనే చెప్పాలి. నా ఉద్యోగం అది. చెప్పాను.

పూజారి కోప్పడలేదు. "మాట నీదే కదా బాబూ" అని ఊరుకున్నాడు. ఆయన భార్య మాత్రం ఊరుకోలేదు. బీరువా చుట్టూ ఒకసారి తిరిగి, "మరి ఇందాకటి మా ఆట కూడా ఇందల ఎట్టేసి తాళం ఏసుకోండి!" అంది. దొరసాని నన్ను ఏమంటోందని అడిగింది. చెప్పాను, ఒక్క మాట తీయకుండా. ఆ సాయంత్రమే నా బదిలీ కాగితం తయారైంది.

బదిలీ రావడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో మూడు అర్జీలు పెట్టాను. మా చర్చి అయ్యగారి దగ్గరికి వెళ్ళాను, దొరతో ఒక మాట చెబుతారని.

"దయ్యాల కుంచం కోసం నువ్వు తిరగడమేమిటి నాయనా? అది పోవడం ఆ ఊరికి మంచిదే కదా" అన్నారు.

"కుంచం ఎవరిదైనా, ఇచ్చిన మాట క్రైస్తవుడిదండీ" అన్నాను. ఆయన ఆ ఆదివారం గర్వం మీద ప్రసంగం చేశారు. కచేరీలో హెడ్డు గుమాస్తా నన్ను "అమ్మవారి పూనకం వచ్చిన కిరస్తానీ" అన్నారు. అందరూ నవ్వారు.

కొత్త కుంచం చేసుకోవచ్చు కదా అని మీరు అడగవచ్చు. నేనూ పూజారిని అడిగాను. పాత కుంచంతో గింజలు కొలిచి కొత్తదానిలో పోస్తేనే కొత్తది దేవత కుంచం అవుతుందట. పాతది చేతిలో లేకుండా కొత్తది పుట్టదు. నాకది మూఢత్వమే. మరి అచ్చులో గడి లేదు కనక ఒక ఊరి కుంచాన్ని మింగేయడాన్ని ఏమనాలి?

పండగ వచ్చింది. ముఖం చూపించకుండా ఉండలేక వట్టి చేతులతో ఆ ఊరికి బయలుదేరాను. నేను వెళ్ళేసరికి మగవాళ్ళు వేట నుంచి వస్తున్నారు. వేటకు వెళ్ళి ఏమీ తేకుండా వచ్చినవాళ్ళ మీద ఆడవాళ్ళు పేడనీళ్ళు కొట్టడం ఆ పండగ ఆచారం. ఊరి మొదట్లో కుండలతో కాచుకుని ఉన్నారు. పూజారి భార్య నన్ను చూసింది. నా చేతులు చూసింది.

"గుమాస్తా బాబూ! నీ ఏటలో ఏటీ పడలేదా?"

"లేదమ్మా."

కుండెడు నీళ్ళు నా నెత్తిన పోసింది. మిగతావాళ్ళు కూడా పోశారు. నా కోటు, నా తలపాగా, జేబులో ఉన్న నాలుగో అర్జీ నకలు, అన్నీ తడిశాయి. మొదట నవ్వారు. నేను కదలకుండా నిలబడితే నవ్వు ఆగిపోయింది. పూజారి భార్య తన కొంగుతో నా ముఖం తుడిచి, "ఎల్లిపో బాబూ, బేగెల్లిపో" అంది. ముప్ఫై ఏళ్ళ సర్వీసులో నేను చేసిన పనికి వెంటనే, సూటిగా అందిన జవాబు అదొక్కటే. న్యాయమైనది కూడా.

ఆ ఏడు విత్తనాలు పంచలేదు. పూజారి పంచనన్నాడు. కొందరు దొంగచాటుగా చల్లుకున్నారు, కొందరు చల్లలేదు. చల్లినవాళ్ళతో చల్లనివాళ్ళు మాట్లాడడం మానేశారు. వానలు బాగానే పడ్డాయి, గింజ లేని పోడు చేల మీద పడ్డాయి. శీతాకాలంలో తేయాకు తోటలకు కూలీలను పట్టే మేస్త్రీ వచ్చాడు. ఏడు ఇళ్ళవాళ్ళు వాడి వెంట అస్సాం వెళ్ళిపోయారు. ఇద్దరు తిరిగి వచ్చారు. పూజారి ఇంకా ఉన్నాడు, కళ్ళు సరిగా కనపడవు. కుంచం తన చేతికి రాకుండా తాను పోతే కొత్త పూజారికి ఏమి అప్పగించాలో తెలియదని పోయిన సంతలో కబురు పంపాడు. అందుకే మళ్ళీ రాస్తున్నాను. నా బదిలీ గురించి కాదు, నా కుర్చీ గురించి కాదు. అవి కూడా మరిచిపోలేదనుకోండి.

కుర్రవాళ్ళకు నేను చెప్పేది ఒకటే. అచ్చు కాగితంలో నిజానికి చోటు లేకపోతే, కాగితం పాడుచేయండి.

ఇక మ్యూజియం కమిటీ కార్యదర్శి గారికి. అయ్యా, మీరు ఈ పత్రిక తెప్పించుకుంటారని నాకు తెలుసు. బంగళా వరండాలో మీ కుర్చీ పక్కనే చూశాను. కాబట్టి అందలేదని అనలేరు. రిజిస్టరులో ఆ గడి నింపినవాణ్ణి నేనే. అది అబద్ధమని ఇక్కడ అందరి ముందూ ఒప్పుకుంటున్నాను. రాసినవాడే కాదంటుంటే, ఇంక మీ దగ్గర ఉన్న రుజువు ఏమిటి? తీర్మానం చేస్తానన్న కమిటీ ఈ ఆరేళ్ళలో ఎన్నిసార్లు కూర్చుంది? ఒక్కసారైనా ఈ మాట ఎత్తిందా? చైత్రం ఇంకా రెండు నెలలుంది. ఆ రిజిస్టరు బయటికి తీయండి. నేను వచ్చి, మీ కళ్ళ ముందు, నా చేత్తోనే ఆ పంక్తి కొట్టేస్తాను. మీరు బీరువా తాళం తీయండి. కుంచం మోసుకుపోవడానికి మనుషులను నేనే తెస్తాను.

ఏ రోజు రమ్మంటారు? ఈసారి జవాబు చెప్పండి.